చీరల సైటులో ఫోటో జూమ్: పీసీలో నేత మసక, ఫోన్‌లో పేజీ కదలట్లేదు

చేనేత_అంగడి అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైటులో అంగడి నడిపే ప్లగిన్) మీద నడిచే చేనేత చీరల సైటు ఇది. గద్వాల, పోచంపల్లి ఇక్కత్ ఎక్కువ. కొనేవాళ్లు ముందు అంచు చూస్తారు, తర్వాత కొంగు, ఆపైన జరీ. అందుకని జూమ్ బాగుండాలి. ఇప్పుడున్నది బాగాలేదు.

ఫోటోలు కెమెరాతో తీసినవే, 6000×8000 పిక్సెళ్లు, ఒక్కోటి 9 ఎంబీ దాకా ఉంది. చీరను కొంగు వైపు కడ్డీకి వేలాడదీసి తీశాం. ఫ్రేములో అడ్డంగా సుమారు 1.2 మీటర్లు పడుతుంది.

వస్తున్న ఇబ్బందులు:

పీసీలో మౌస్ పెడితే ఫోటో పెద్దదవుతుంది గానీ నేత మసక. పైగా పట్టు బాడీ మీద నీటి అలల్లాంటి చారలు వస్తున్నాయి, చీరలో అవి లేవు.

ఫోన్‌లో ఫోటో మీద వేలు తగిలితే జూమ్ అయిపోతుంది. ఇక అక్కడ ఎంత జరిపినా పేజీ కిందికి పోదు, ఫోటోయే అటూ ఇటూ తిరుగుతుంది.

రాణి రంగు చీరలు సైటులో వెలిసినట్టు కనబడుతున్నాయి. కెమెరాతో వచ్చిన ఫైలు కంప్యూటర్లో తెరిస్తే బాగానే ఉంది.

ఓపెన్‌సీడ్రాగన్ (పెద్ద ఫోటోలకి జూమ్ ఇచ్చే స్క్రిప్టు) పెట్టి ఫోటోల్ని టైల్స్, అంటే చిన్న గళ్లు, చేసుకోమని ఒకరు సలహా ఇచ్చారు. 400 చీరలు, చీరకి 5 ఫోటోలు. హోస్టింగ్ మామూలు షేర్డ్ ప్లాను. అది అవసరమా?

---

పడుగుపేక

మూడూ మూడు వేరు జబ్బులండీ. మొదటిది జూమ్ సాధనం తప్పు కాదు, కాబట్టి సాధనం మార్చినా పోదు.

2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి ఒక పద్ధతి ఉంది. ఎక్కించిన ఫోటో ఏ పక్క 2560 పిక్సెళ్లు దాటినా దాన్ని కుదించి, పేరు చివర "స్కేల్డ్" అని తగిలించి, ఇకమీద అదే పూర్తి సైజు ఫోటో అన్నట్టు అన్ని చోట్లా వాడుకుంటుంది. మీ 6000×8000 అక్కడ 1920×2560 అయిపోయింది. మీడియా లైబ్రరీలో ఆ ఫోటో తెరవండి. "ఒరిజినల్ ఇమేజ్" అని విడిగా ఒక లింకు కనిపిస్తే జరిగింది ఇదే. అసలు ఫైలు సర్వర్లో భద్రంగానే ఉంటుంది, జూమ్ మాత్రం దాన్ని ముట్టుకోదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఫ్రేము అడ్డం 1200 మిల్లీమీటర్లు, 6000 పిక్సెళ్లు. మిల్లీమీటరుకు 5. కుదించాక 1920ని 1200తో భాగిస్తే 1.6. బట్టలో సెంటీమీటరుకు 30 పోగులు అనుకుందాం, అంటే మిల్లీమీటరుకు 3. మరి ఒక పోగు వాటాకి వచ్చింది అర పిక్సెల్ చిల్లర! పోగు, దాని పక్క సందు విడివిడిగా తెలియాలంటే పోగుకు కనీసం 2 పిక్సెళ్లు ఉండాలి. కంటికి "ఇది నేత" అనిపించాలంటే 4 అయినా ఉండాలి.

అంతకన్నా తక్కువైనప్పుడు పోగుల వరస, పిక్సెళ్ల వరస ఒకచోట కలుస్తూ ఒకచోట తప్పుకుంటూ పెద్ద పెద్ద చారలు పుట్టిస్తాయి. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి జరపండి, అవే అలలు కనిపిస్తాయి. దాన్ని మోరే అంటారు. మీ పట్టు బాడీ మీద ఉన్నది అదే.

ఆ కుదింపు ఆపడానికి ఒక ఫిల్టరు (వర్డ్‌ప్రెస్ అలవాటును కోడ్‌తో మార్చే వీలు) ఉంది: బిగ్_ఇమేజ్_సైజ్_త్రెషోల్డ్. దానికి ఫాల్స్ తిరిగిస్తే ఆగిపోతుంది. కానీ ఆ పని చేయొద్దు. చేసినా మిల్లీమీటరుకు 5 పిక్సెళ్లే, పోగుకు 1.7 కూడా రాదు. కొనేవాడి చేత 9 ఎంబీ దింపించి మళ్లీ మసకే చూపిస్తారు.

చేయాల్సింది దగ్గరి ఫోటోలు. అడ్డం 15 సెంటీమీటర్లు, నిలువు 20 పట్టేలా ఒక్కో చోటు తీయండి. కెమెరాలో అది మిల్లీమీటరుకు 40 పిక్సెళ్లు. దాన్ని మీరే 1920×2560కి కుదించి ఎక్కించండి. మిల్లీమీటరుకు 12.8, పోగుకు 4 పైచిలుకు. 2560 దాటలేదు కాబట్టి వర్డ్‌ప్రెస్ దాన్ని తిరిగి కుదించదు. చీర మొత్తం కనిపించే ఫోటో కొలతలు చూసుకోవడానికే, దాన్ని జూమ్ చేయించాల్సిన పనిలేదు.

ఏ చోట్లు తీయాలో మీకు నాకన్నా బాగా తెలుసు. గద్వాలకైతే నూలు బాడీ, పట్టు అంచు కలిసే గీత తప్పనిసరి, కొనేవాళ్ల కన్ను పడేది అక్కడే. ఇక్కత్‌కి ఒకే బుటా ముందూ వెనకా రెండూ పెట్టండి. పోగుకే రంగు ఎక్కించి నేసింది కాబట్టి రెండు పక్కలా డిజైను దాదాపు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిన బట్టకి వెనక వెలవెలబోతుంది. ఈ ఒక్క జత ఫోటోలు చేసే పని ఏ లెన్సూ చేయదు.

వెలుతురు పక్క నుంచి, బట్టకి వాలుగా పడాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే పోగుల నీడలు పోయి బట్ట రేకులా కనిపిస్తుంది, జరీ తెల్లగా మండిపోతుంది. తీసిన వెంటనే ఫైలును 100 శాతంలో చూడండి. మోరే కెమెరాలోనే పడిపోయి ఉంటే తర్వాత ఏం చేసినా శుభ్రంగా పోదు. కొద్దిగా దూరం మార్చో, కోణం తిప్పో మళ్లీ తీయాలి.

ఇంకోటి. ఫోటోగ్రాఫర్ వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది దారిలోనే చిన్నదైపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి.

---

గడిగడి

టైల్స్ సంగతి నేను చెప్తాను. పడుగుపేక గారి లెక్క చూశాక మీకు అక్కర్లేదనే అంటాను గానీ, ఎందుకు అక్కర్లేదో అంకెల్లో చూడండి.

ఓపెన్‌సీడ్రాగన్ వాడే డీప్ జూమ్ పద్ధతిలో ఫోటోని సగం, అందులో సగం అంటూ ఒక్క పిక్సెల్ మిగిలేదాకా కుదించి, ప్రతి మెట్టునీ గళ్లుగా కోస్తారు. 6000×8000కి 14 మెట్లు వస్తాయి. గడి అలవాటు సైజు 254, పక్క గడితో కలిసేలా రెండు వైపులా ఒక్కో పిక్సెల్ అదనం, మొత్తం 256. ఆ అదనపు పిక్సెల్ లేకపోతే కొన్ని జూమ్‌లలో గళ్ల మధ్య సన్నటి గీత కనబడుతుంది. పై మెట్టులోనే 24 అడ్డం, 32 నిలువు, 768 గళ్లు. అన్ని మెట్లూ కలిపితే 1,033 ఫైళ్లు, ఒక్క ఫోటోకి! మీ 2,000 ఫోటోలకి 20 లక్షల పైన. షేర్డ్ హోస్టింగుల్లో జాగాతో పాటు ఫైళ్ల సంఖ్యకీ పరిమితి ఉంటుంది. జీబీలు మిగిలి ఉండగానే అది నిండిపోతుంది. గడి సైజు 510 చేస్తే ఫోటోకి 266కి దిగుతుంది. అప్పుడైనా 5 లక్షలు దాటింది.

అయితే దీని అవసరం ఎక్కడ? పాత పటాలు, తాళపత్రాలు, దినపత్రికల స్కాన్లు, అంటే ఫోటో అంతటా ఎక్కడ చూసినా చదవాల్సిందే ఉన్నచోట. జేపెగ్ ఫైలు 9 ఎంబీయే అయినా బ్రౌజరు విప్పాక పిక్సెల్‌కి 4 బైట్లు. 6000×8000 అంటే 4.8 కోట్ల పిక్సెళ్లు, 192 ఎంబీ మెమరీ. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ట్యాబ్ దానంతటదే రీలోడ్ అయ్యేది ఇందుకే. ఐఫోన్ సఫారీలో ఒక క్యాన్వాస్‌కి (స్క్రిప్టు బొమ్మ గీసే పలక) పిక్సెళ్ల హద్దు ఉంది, చాలా కాలం అది 1,67,77,216, అంటే 4096×4096. అది దాటితే ఖాళీగా కనిపిస్తుంది. టైల్స్ అయితే తెరమీద ఉన్న గళ్లు మాత్రమే దిగుతాయి, ఈ బెడద ఉండదు.

పెళ్లి చీరలు ఓ పది ఉండి, వాటికి మాత్రం చేయాలనుంటే:

లిబ్‌విప్స్‌లో (ఫోటోలు మార్చే ఉచిత సాధనం) డీజెడ్‌సేవ్ అనే ఆదేశం వాడండి. గడి సైజు 510, కలుపు (పక్క గడితో కలిసే పిక్సెళ్లు) 1, జేపెగ్ నాణ్యత 80 నుంచి 85. దానికంటే ముందు ఆటోరాట్ నడపండి. కెమెరా నిలువుగా పట్టి తీసిన ఫోటోలో పిక్సెళ్లు అడ్డంగానే ఉండి, "తిప్పి చూపించు" అన్న గుర్తు మాత్రం ఫైలులో ఉండొచ్చు. బ్రౌజరు ఆ గుర్తు చదువుతుంది, కోసిన గళ్లలో గుర్తు ఉండదు, చీర పడుకుంటుంది.

ఫలితాన్ని నేరుగా జిప్‌గా రాయించుకోవచ్చు. జిప్ ఎక్కించి సర్వర్లోనే విప్పండి. వందల చిన్న ఫైళ్లు ఎఫ్‌టీపీలో ఒక్కొక్కటిగా పంపితే పూట గడుస్తుంది.

గళ్ల వివరాలుండే డీజెడ్ఐ ఫైలు, దాని పేరుతోనే చివర "_ఫైల్స్" ఉన్న ఫోల్డరు పక్కపక్కనే ఉండాలి. ఒకదాని పేరు మార్చి రెండోది మర్చిపోతే నల్లటి పెట్టె తప్ప ఏమీ రాదు. ఫోటో వచ్చి బటన్లు రాకపోతే ఓపెన్‌సీడ్రాగన్ సెట్టింగుల్లో ప్రిఫిక్స్‌యూఆర్ఎల్ తప్పిచ్చారని అర్థం. అది బటన్ బొమ్మలున్న ఫోల్డరు దారి, చివర వాలు గీత (/) కూడా ఉండాలి. అసలు సైజుకి కాస్త పైనే జూమ్ ఆగిపోతే అది లోపం కాదు, మ్యాక్స్‌జూమ్‌పిక్సెల్‌రేషియో అలవాటు విలువ 1.1. చత్వారం ఉన్నవాళ్ల కోసం 2 చేయండి, అంతకు మించితే గళ్లుగళ్లుగా కనబడుతుంది.

---

వేలిముద్ర

ఫోన్ సంగతి. వూకామర్స్ జూమ్ స్క్రిప్టు టచ్ ఉన్న పరికరం అని తెలిస్తే హోవర్ (మౌస్ పైన పెట్టడం) వదిలేసి క్లిక్‌కి మారుతుంది. అందుకే వేలు తగలగానే జూమ్. ఆపైన వేలి కదలిక అంతా ఫోటోని తిప్పడానికే పోతుంది. ఫోటో తెరంత వెడల్పుగా ఉంటే పేజీ జరపడానికి వేలు పెట్టే చోటే మిగలదు.

దానికన్నా పెద్ద సమస్య మీకు కనబడనిది ఒకటి ఉంది. ఆ జూమ్ పెద్ద ఫోటోని పేజీ తెరుచుకున్నప్పుడే దింపేసుకుంటుంది, ఎవరూ ముట్టుకోకపోయినా సరే. పడుగుపేక గారు ఫిల్టరు వద్దన్నది ఇందుకు కూడా. ఫాల్స్ పెట్టి ఉంటే పేజీ చూసిన ప్రతివాడికీ 9 ఎంబీ చొప్పున డేటా ఖర్చయ్యేది.

కాబట్టి జూమ్ తీసేయండి, లైట్‌బాక్స్ (ఫోటోని తెరంతా విడిగా చూపించేది) ఉంచండి. చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద మీ మార్పులు పెట్టుకునేది) ఫంక్షన్స్ ఫైలులో రిమూవ్_థీమ్_సపోర్ట్‌కి "డబ్ల్యూసీ-ప్రొడక్ట్-గ్యాలరీ-జూమ్" ఇవ్వాలి. ఊరికే రాస్తే పనిచేయదు. చైల్డ్ థీమ్ ఫైలు ముందు నడుస్తుంది, తర్వాత అసలు థీమ్ వచ్చి మళ్లీ ఆన్ చేస్తుంది. ఆఫ్టర్_సెటప్_థీమ్ హుక్‌కి తగిలించి, ప్రాధాన్యం 100 ఇవ్వండి, అప్పుడు అసలు థీమ్ తర్వాత నడుస్తుంది. "గ్యాలరీ-లైట్‌బాక్స్", "గ్యాలరీ-స్లైడర్" జోలికి పోవద్దు. లైట్‌బాక్స్ ఫోటోస్వైప్ అనే స్క్రిప్టుతో నడుస్తుంది. రెండు వేళ్ల జూమ్, రెండుసార్లు తట్టడం, కిందికి లాగి మూయడం అన్నీ అందులో ఉన్నాయి. మూలన ఉండే భూతద్దం బొమ్మ మాత్రం చిన్నది. 44 పిక్సెళ్ల చదరం చేసి, పక్కన "దగ్గరగా చూడండి" అని రాయండి.

థీమ్ హెడర్‌లో వ్యూపోర్ట్ వరస ఒకసారి చూడండి. "యూజర్-స్కేలబుల్=నో" గానీ "మాగ్జిమమ్-స్కేల్=1" గానీ ఉంటే తీసేయండి. ఐఫోన్లు ఐఓఎస్ 10 నుంచి దాన్ని పట్టించుకోవు, ఆండ్రాయిడ్‌లో మాత్రం రెండు వేళ్లతో పేజీ పెద్దది చేసుకునే వీలు పోతుంది.

జూమ్ కోడ్ సొంతంగా రాసుకునేవాళ్ల కోసం, తప్పులు ఎక్కువగా జరిగేవి:

వేళ్ల కింద ఉన్న చోటు జూమ్‌లో జారిపోవడం. ట్రాన్స్‌ఫార్మ్-ఆరిజిన్ ఎడమ పై మూలకి కట్టేసి ఈ లెక్క వాడండి (జరుగుడు అంటే ఫోటో ఎంత జరిగిందో): కొత్త జరుగుడు = వేలి చోటు − (వేలి చోటు − పాత జరుగుడు) × (కొత్త స్కేలు ÷ పాత స్కేలు). వేలు 200 దగ్గర, జరుగుడు −100, స్కేలు 1 నుంచి 2కి పోతే: 200 − 300 × 2 = −400. ముందు వేలి కింద ఉన్నది ఫోటోలో 300వ పిక్సెల్, తర్వాతా అదే. అడ్డానికి ఒకసారి, నిలువుకి ఒకసారి.

రెండు వేళ్లు తీసేశాక ఒక్క వేలితో జరిపినా పించ్ (రెండు వేళ్ల జూమ్) అయిపోవడం. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ పాయింటర్‌క్యాన్సిల్. బ్రౌజరు ఆ కదలికను స్క్రోల్‌గా తీసుకున్నప్పుడు పాయింటర్‌అప్ రాదు, క్యాన్సిల్ వస్తుంది. దాన్ని వినకపోతే లేని వేలు మీ జాబితాలో దెయ్యంలా ఉండిపోతుంది. రెండింటికీ ఒకే ఫంక్షన్ కట్టండి.

ప్రివెంట్‌డిఫాల్ట్ పనిచేయకపోవడం. క్రోమ్ 56 నుంచి విండో, డాక్యుమెంట్, బాడీల మీద పెట్టిన టచ్‌స్టార్ట్, టచ్‌మూవ్‌లు పాసివ్‌గా లెక్క, అంటే స్క్రోల్‌ని ఆపలేవు. దానితో కుస్తీ పట్టకుండా ఫోటో పెట్టెకి సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ పెట్టండి, అదీ జూమ్ తెర తెరిచి ఉన్నప్పుడే. పేజీలో ఉన్న ఫోటోకి పెట్టారో, మళ్లీ మొదటికొస్తారు.

పూర్తి తెర కోసం ఐఫోన్‌లో ఫుల్‌స్క్రీన్ ఏపీఐని నమ్ముకోవద్దు. డైలాగ్ ట్యాగు చాలు, ఎత్తు 100 డీవీహెచ్ (చిరునామా పట్టీ పోగా కనబడే ఎత్తును బట్టి మారే కొలత). వీహెచ్ ఇస్తే చిరునామా పట్టీ కింద మూసే బటన్ దాక్కుంటుంది.

---

కంటికింపు

వేలిముద్ర గారితో ఒకచోట ఒప్పుకోను. పీసీలో హోవర్ జూమ్ పూర్తిగా తీసేయడం దేనికండీ? అంచు మీద మౌస్ అలా నడిపితే డిజైను మొత్తం క్షణంలో తెలుస్తుంది. లైట్‌బాక్స్ తెరిచి, పెంచి, లాగి, మూసి, ఇన్ని పనులు ఐదు ఫోటోలకి ఎవరు చేస్తారు?

పీసీకి మాత్రమే ఉంచే దారి ఉంది. మీడియా క్వెరీలో "హోవర్: హోవర్", "పాయింటర్: ఫైన్" రెండూ ఉన్నప్పుడే స్క్రిప్టు మొదలుపెట్టండి. తెర వెడల్పు చూసి నిర్ణయించొద్దు, ట్యాబ్లెట్లు మోసం చేస్తాయి. సర్వర్లో డబ్ల్యూపీ_ఈజ్_మొబైల్ కూడా వద్దు. పేజీ క్యాషింగ్ (తయారైన పేజీని దాచి అందరికీ ఇవ్వడం) ఉంటే ఫోన్‌కి తయారుచేసిన పేజీ పీసీకి, పీసీది ఫోన్‌కి పోతుంది.

కోడ్ ఇరవై వరసలు మించదు. మౌస్ పెట్టెలోకి వచ్చినప్పుడే పెద్ద ఫోటో అడగండి. డీకోడ్ పూర్తయ్యాక చూపించండి, లేకపోతే తెల్లగా మెరిసి వస్తుంది. మౌస్ కదిలినప్పుడల్లా పెట్టె ఎడమ అంచు నుంచి ఎంత దూరమో వెడల్పుతో భాగించి వందతో గుణించండి, అదే ట్రాన్స్‌ఫార్మ్-ఆరిజిన్‌కి శాతం. నిలువుకీ అంతే. స్కేలు 2.5 చాలు. పెట్టె కొలతలు ప్రతిసారీ కొత్తగా తీసుకోండి. ఒకసారి తీసి దాచుకుంటే పేజీ జరిగాక అంచు మీద మౌస్ పెడితే కొంగు కనిపిస్తుంది.

విల్-చేంజ్ ట్రాన్స్‌ఫార్మ్ అలవాటుగా తగిలించేవాళ్లున్నారు. పెంచినా మసకే వస్తుంటే ముందు దాన్ని తీసి చూడండి. చిన్న సైజులో గీసిన బొమ్మనే సాగదీయమని బ్రౌజరుకి చెప్పినట్టవుతుంది.

---

వేలిముద్ర

ఆ క్వెరీ పెడితే నాకు అభ్యంతరం లేదు. ఎస్కేప్ మీట నొక్కితే హోవర్ జూమ్ పోయేలా కూడా చూడండి, పెద్దదైన ఫోటో పక్కనున్న ధర మీదికి రాకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంచండి.

---

చేనేత_అంగడి

అందరికీ ధన్యవాదాలండీ. మీడియా లైబ్రరీలో ఒరిజినల్ ఇమేజ్ లింకు ఉంది, పడుగుపేక గారు చెప్పినట్టే. గద్వాల చీర ఒకదానికి అంచు కలిసే చోటు 15×20లో తీసి 1920×2560 చేసి పెట్టాం. పోగులు విడివిడిగా కనబడుతున్నాయి, అలలు లేవు. ఫైలు 1.4 ఎంబీ. జూమ్ తీసేశాక ఫోన్‌లో పేజీ మామూలుగా జరుగుతోంది. టైల్స్ ఆలోచన మానేశాం.

రాణి రంగు మాత్రం అలాగే వెలిసినట్టుంది. పాత ఫోటోలు తీసేసి కొత్తవి అదే పేరుతో పెట్టొచ్చా?

---

పడుగుపేక

కెమెరా సెట్టింగుల్లో రంగుల స్థలం అడోబ్ ఆర్‌జీబీ అని ఉందేమో చూడండి. ఆ ఫైలులో అంకెలతో పాటు "ఈ అంకెల్ని ఇలా చదవండి" అని ఒక ప్రొఫైల్ ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ఫోటోలు కుదించేటప్పుడు జీడీ అనే లైబ్రరీ వాడితే ఆ ప్రొఫైల్ రాలిపోతుంది, అంకెలు మిగులుతాయి. బ్రౌజరు వాటిని ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల స్థలం) అనుకుని చదువుతుంది. ఎర్రలు, ఆకుపచ్చలు చప్పబడతాయి. రాణి రంగు, నెమలికంఠం లాంటి వాటికి దెబ్బ ఎక్కువ. సైట్ హెల్త్‌లో ఇన్ఫో, అందులో మీడియా హ్యాండ్లింగ్ తెరిస్తే జీడీ వాడుతోందో ఇమేజిక్ వాడుతోందో ఉంటుంది. ఇమేజిక్ ప్రొఫైల్‌ని కాపాడుతుంది.

ఏది ఉన్నా, ఎక్కించే ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చేయండి. "కన్వర్ట్" అన్నది వాడాలి, "అసైన్" కాదు. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి ప్రొఫైల్ అనే చీటీ మాత్రం మారుతుంది, మీ దగ్గర ఇప్పుడు జరుగుతున్నదే మళ్లీ చేతులారా చేసినట్టు.

400 చీరలూ ఒకేసారి తీయక్కర్లేదు. పాత వాటికి రంగు మార్చి ఎక్కిస్తే చాలు, దగ్గరి ఫోటోలు కొత్త సరుకుతో మొదలుపెట్టండి. అదే పేరు మాత్రం వద్దు. చూసినవాళ్ల ఫోన్లలోనూ, సీడీఎన్ (ఫోటోల నకళ్లు వేరే సర్వర్లలో ఉంచే సేవ) ఉంటే అందులోనూ పాత ఫోటో దాచి ఉంటుంది. మీకు కొత్తది, వాళ్లకి పాతది కనబడుతూ, "రంగు ఇంకా అలాగే ఉంది" అని ఫోన్లు వస్తాయి. చివర 2 అంకె వేసి కొత్త పేరుతో ఎక్కించండి.